వంటలు – రెండవ భాగం

“మూడింటి నుంచి నాలుగింటి దాకా నువ్వు ఖాళీయే కదా, అందుకే సరేననేశాను.”

ఈయన ఆ మాట అన్నప్పుడు నేను ఆయనకి రెండోసారి వడ్డిస్తున్నాను. గరిటె గాల్లోనే ఆగిపోయింది.

సరేనన్నది వాళ్ల చెల్లెలికి. ఆవిడ కవలపిల్లలు మూడింటికి బడి నుంచి వస్తారు, ఆవిడేమో ఆఫీసు నుంచి నాలుగింటికి గానీ రాదు. ఆ గంట, సోమవారం నుంచి రోజూ, పిల్లలు మా ఇంట్లో. వాళ్లంటే నాకు ఇష్టమే. ఎక్కని కుర్చీ లేదు, లాగని కర్టెన్ లేదు, అయినా ఇష్టమే. నా ఒళ్లు మండింది వాళ్ల మీద కాదు, ‘ఖాళీ’ అన్నందుకు.

ఖాళీయట! ఐదున్నరకి లేచి, టిఫిన్ చేసి, మధ్యాహ్నానికి కూడా వండేసి, ఆసుపత్రి రికార్డుల గదికి పరిగెడతాను. అక్కడ పెద్ద డాక్టరుగారికి ఇన్నేళ్లయినా నా పేరు తెలియదు, “ఏమ్మా, ఫైలూ!” అని పిలుస్తారు. రెండింటికి ఇల్లు చేరి, కళ్లజోళ్ల దుకాణం మూసి వచ్చిన ఈయనకి వడ్డించి, గిన్నెలు కడిగి, గట్టు తుడిచేసరికి మూడు. అప్పుడు ఈయన పడుకుంటారు. ఆయన గంటని విశ్రాంతి అంటారు, నా గంటని ఖాళీ అంటారు. పక్క గదిలోంచి గురక మొదలయ్యాక నేను వంటింటి కిటికీ పక్కన ఎత్తుపీట మీద కూర్చుంటాను.

కూర్చుని భయపడతాను. పాత దయ్యాల కథలు, వింత కథలు, ఎప్పుడో నూరేళ్ల కిందట రాసినవి చదువుకుంటాను. ఒక కథలో, ఊడ్చే మనిషికి తప్ప ఇంకెవరికీ కనిపించని గది ఒకటి ఉంటుంది. ఇంకోదాంట్లో ఒకావిడ అద్దం తుడుస్తుంటే లోపలివైపు నుంచి కూడా ఎవరో తుడుస్తుంటారు. అబ్బ, మెడ వెనక జిల్లుమంటుంది! రోజంతా నాకు వేరే భయాలుంటాయి. పాలు పొంగిపోతాయేమో, ఫైలు దొరకదేమో, ఈయన ముఖం ముడుచుకుంటుందేమో. అవన్నీ ఎవరెవరో నాకు అంటగట్టినవి. ఇది మాత్రం నేను కోరి తెచ్చుకున్న భయం, పుస్తకం మూస్తే పోతుంది. చదివి లేచాక ఒళ్లు తేలికైపోయి, నాలుగింటి టీ పాడుకుంటూ పెడతాను.

పెళ్లయిన కొత్తలో ఈయన ఆ పుస్తకం చూసి, “దయ్యాల కథలేంటే, చిన్నపిల్లలా? ఎవరైనా చూస్తే నవ్వుతారు,” అన్నారు. మర్నాడే దానికి గోధుమరంగు అట్ట వేసి, గుండ్రటి అక్షరాలతో ‘వంటలు – రెండవ భాగం’ అని రాసిపెట్టాను. తొమ్మిదేళ్లు! మొదటి భాగం ఏదని కూడా ఎవరూ అడగలేదు. పోపులడబ్బా పక్కనే, అందరి కళ్లముందే ఉంది.

ఆ మాటన్న రోజే, శనివారం, ఈయన పడుకున్నాక డాబా మీద ఆరేసిన బట్టలు తెచ్చి వంటింట్లోకి వస్తే, ఆ వేళకి రోజూ తన గదిలో నడుం వాల్చే అత్తయ్య నా పీట మీద ఉన్నారు. కళ్లజోడు ముక్కు చివర, ఒళ్లో నా పుస్తకం.

“ఏదో కొలత చూద్దామని తీశాను,” అన్నారు తలెత్తకుండా. “ఇందులో కొలతలేం లేవే!”

“లేవత్తయ్యా.”

“ఇంతకీ ఆ పనిమనిషి గది తలుపు తీస్తుందా, తియ్యదా?”

“చివర్లో… చెప్పెయ్యనా?”

“చెప్పకు, చెప్పకు!” చెయ్యి అడ్డం పెట్టారు. మోకాళ్లు నొప్పులని నాలుగు రోజులుగా మూలుగుతున్న మనిషి, లేచి ఇంకో పీట లాక్కొచ్చి నా కోసం వేశారు. “నలభై ఏళ్లు ఈ వంటింట్లో ఉన్నాను. ఇలాంటివి ఉంటాయని నాకు ఒక్కళ్లూ చెప్పలేదమ్మాయ్.”

ఆ గొంతులో కోపం ఉంది, నా మీద కాదు. ఆవిడ దగ్గర కూడా దాచినందుకు నాకు సిగ్గేసింది. కళ్లు లాగుతున్నాయంటే నేనే పైకి చదివాను, గుసగుసగా. గడియారం మూడున్నర కొట్టేసరికి ఇద్దరం ఉలిక్కిపడి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నవ్వాపుకోలేక చచ్చాం. ఇన్నేళ్లలో ఆ వంటింట్లో అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు.

నాలుగింటికి ఈయన ఆవలిస్తూ వచ్చారు. “టీ పెట్టలేదా? అన్నట్టు, సోమవారం సంగతి చెల్లికి ఖాయం చేసేస్తున్నా.”

“చెయ్యండి. పిల్లల్ని మీరు చూసుకోండి. ఆ టైముకి ఇంట్లోనే ఉంటారుగా.”

“నేను పడుకోవద్దూ? అయినా నీకేం పని అప్పుడు?”

పుస్తకం అట్ట విప్పి, ఆ గోధుమరంగు కాయితం ఆయన చేతిలో పెట్టాను.

“భయపడాలి,” అన్నాను. “మిగతా ఇరవైమూడు గంటలూ మీ అందరి కోసం భయపడుతూనే ఉన్నాను. ఆ ఒక్క గంటా నా కోసం భయపడతాను.”

ఈయన ఆ కాయితం పట్టుకునే వాళ్లమ్మ వైపు తిరిగారు. ఎప్పుడూ ఆవిడ ఆయన పక్షమే.

“నన్ను చూస్తావేంరా? నేనూ ఖాళీగా లేను,” అన్నారు అత్తయ్య, కళ్లజోడు పైకి తోసుకుంటూ. “టీ నువ్వే పెట్టు. ఇక్కడ ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు.”