మొదటి ముక్క

మాల్ట్ అంటే బార్లీ, బార్లీ కూడా పాపకి పడదు, పెట్టెయ్ కొట్టు అరలోనే, ఈ మొక్కజొన్న చిప్స్ పరవాలేదనుకుంటా, ఉప్పు, నూనె, మసాలా, ఆ మసాలాలో ఏం కలిపి చచ్చారో, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో గోధుమలు వాడే చోటే తయారైంది అని, చదివేవాడి కళ్లు పోవాలనే అలా వేస్తారు కాబోలు, ఇదీ వద్దు, డాక్టరమ్మ చెప్పనే చెప్పింది, ముద్ద అక్కర్లేదండీ, నలుసంత గోధుమ చాలు పేగు పుండవడానికి అని, నిన్న రెండో రక్తపరీక్ష చూసి మళ్లీ పెదవి విరిచింది, ఇంట్లో ఎవరో పెడుతున్నారు అంది, ఎవరు పెడతారు, ఉన్నదే నలుగురు, పాప, పాప కోసం ఉప్పు డబ్బా కూడా వేరు పెట్టిన వాళ్లమ్మ, తను, బేకరీలో తెల్లారకముందే పొయ్యి ముందు నిలబడేవాడైనా ఇంటికి ఒక్క రొట్టె తెచ్చి ఎన్నాళ్లయిందో, ఇక మిగిలింది అత్తగారు, టీలో బిస్కెట్టు ముంచనిదే పొద్దు గడవని మనిషి.

నిన్న సాయంత్రం గాల్లోకే అన్నాడు, పాపకి ఎవరో గోధుమది పెడుతున్నారు అని, ఆవిడ వెంటనే, నేను పెట్టలేదు బాబూ, ఒట్టు, నా బిస్కెట్లే మానేశాను, దాని ముందు ఎలా తింటాను అంది, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారేంటి అత్తయ్యగారూ అనేశాడు, ఛీ, పెద్దావిడతో అనాల్సిన మాటేనా, కానీ పిల్ల పుల్లలా అయిపోతుంటే ఏ తండ్రికి నోరు అదుపులో ఉంటుంది, ఇందాక భార్య ఫోన్, అమ్మ బట్టలు సర్దుకుంటోంది, ఈ సాయంత్రమే వెళ్లిపోతుందట, ఇప్పుడు చల్లగా ఉందా నీకు, అని పెట్టేసింది, వెళ్లనీ, వెళ్తే పాప బాగుపడుతుంది, బాగుపడకపోతే, ఆ మాట అనుకోకు, చూడు, ఈ నల్ల పొట్లం, బియ్యప్పిండి బిళ్లలు, గ్లూటెన్, అదే ఆ గోధుమ జిగురు, లేదని ముద్ర కూడా ఉంది.

ఇది దానికి నచ్చుతుంది, ఏం తెచ్చినా మొదటి ముక్క నాన్న చేత్తోనే తినాలి, అది వాళ్లిద్దరి ఒప్పందం, గుమ్మంలోనే కాళ్లకి చుట్టుకుంటుంది, ఎత్తుకోగానే చొక్కాలో మొహం దూర్చి, నాన్నా నువ్వు రొట్టె వాసనొస్తున్నావ్ అంటుంది, తినలేని దాన్ని వాసన చూస్తోందే అని ఇంకా దగ్గరికి హత్తుకుంటాడు, స్నానం తర్వాత చేద్దాంలే అని అలాగే నిలబడి పొట్లం చింపి మొదటి బిళ్ల దాని నోట్లో, అని చేతిలో పొట్లం తిప్పాడు, నల్ల కాగితం మీద తెల్లగా ఓ వేలిముద్ర, తుడిచాడు, తుడిచిన చోట ఇంకోటి పడింది.

బొటనవేలి గోరు చుట్టూ బేకరీ పిండి, మణికట్టు వెంట్రుకల్లో పిండి, చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది, తడిమితే సన్నగా, తెల్లగా రాలింది, సరిగ్గా పాప మొహం దూర్చే చోట, వద్దు, అది కాకూడదు, కానీ అదే, అక్షరం అక్షరం చదివి తెచ్చినవన్నీ మంచివే, ఏ పొట్లంలోనూ తప్పు లేదు, పెట్టింది తనే, రోజూ, ముద్దు చేస్తూ, నోట్లోకంటా, ఫోన్ పట్టుకుంటే దాని మీదా పిండే, ఏంటి అంది భార్య ముభావంగా, అత్తయ్యగారిని ఆపు, కాళ్లు పట్టుకునైనా ఆపు, నేనొచ్చి చెప్తాను ఆ దొంగెవరో, పాపని మాత్రం గుమ్మంలోకి రానివ్వకు, నేను ఒళ్లు కడుక్కునేదాకా దాన్ని నా దగ్గరికి రానివ్వకు.