చూసినవాళ్ళ చెప్పులు

2019 నవంబరు 12, మంగళవారం. తెల్లవారకముందు నుంచే ముసురు పట్టి ఉంది. కురుస్తోందనడానికీ లేదు, తెరిపిచ్చిందనడానికీ లేదు. కాలేజీలో అందరూ రేడియో అని పిలిచే పిల్ల నిద్ర లేచి, ముఖమైనా కడుక్కోకుండా వీధి తలుపు తీసి, గుమ్మంలో చెప్పులు లెక్కపెట్టుకుంది. ఏడు జతలు.

"ఎన్నున్నాయే?" అని లోపలి నుంచి వాళ్ళమ్మ అడిగింది. ఆవిడ కుట్టుపని చేస్తుంది. ఆ వేళకే మిషను ముందు కూర్చునుంది.

"ఏడు."

"నిన్నా ఏడేగా. తగ్గలేదు, సంతోషించు."

"అందులో ఒకటి నీదేనమ్మా! రోజూ నన్ను ఫోనులో చూడకు. నాకు సిగ్గేస్తోంది."

"ఎదురుగా చూస్తే కసురుతావు. ఫోనులో చూస్తే సిగ్గంటావు. కన్నకూతుర్ని ఎలా చూసుకోవాలో నువ్వే చెప్పవే తల్లీ!"

ఆ ఊరి సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. అక్కడ ఎవరైనా మిమ్మల్ని ఫోనులో చూస్తే వాళ్ళ చెప్పులు మీ గుమ్మంలోకి వచ్చేవి. చూసినవాళ్ళ కాళ్ళకున్నవి వాళ్ళకే ఉండేవి, సరిగ్గా అలాంటిదే మరో జత మీ వాకిట్లో వెలిసేది. వాళ్ళు మిమ్మల్ని మరిచిపోయిన క్షణాన మాయమయ్యేది. తొడుక్కుందామంటే ఎవరి కాలికీ పట్టేవి కావు. తీసి అవతల పారేస్తే, మీరు వెనక్కి తిరిగేలోగా మళ్ళీ అక్కడే ఉండేవి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కారు. వానకి తడుస్తాయే అని బాధపడేవారు, అంతే. ఒక పళ్ళ డాక్టరు మాత్రం తన వాకిలి బోసిగా ఉందని పాత చెప్పులు మూటలకొద్దీ కొనుక్కొచ్చి పరిచాడు. అన్నీ ఎనిమిదో నంబరే. ఆ వీధిలో పిల్లలు ఆయన్ని ఎనిమిదో నంబరు డాక్టరని పిలవడం మొదలుపెట్టేసరికి పాపం క్లినిక్ మార్చుకున్నాడు. నేను అసలు సంగతి వదిలేసి ఎక్కడికో పోతున్నాను.

రేడియో డిగ్రీ రెండో ఏడు, కెమిస్ట్రీ. నోరు మూత పడదని తోటి పిల్లలు పెట్టిన పేరది. మూడేళ్ళుగా వీడియోలు పెడుతోంది. పాటలు పాడింది, పాఠాలు చెప్పింది, పిల్లిని పట్టుకొచ్చి దానికి కళ్ళజోడు పెట్టింది. ఏడు జతలు దాటలేదు. లోకంలో ఇంతమంది ఇన్ని చూస్తున్నారు కదా, నన్నెందుకు చూడరు అన్నదొక్కటే ఆ పిల్ల దిగులు. చూడటానికి వాళ్ళకేం ఖర్చవుతుంది? చూడబడితే ఎవరికేం నష్టం? ఆ రోజుల్లో దాని ఆలోచన అంతవరకే.

ఆ మంగళవారం మధ్యాహ్నం ప్రాక్టికల్స్ అయ్యాక గొడుగు మరిచిపోయి ల్యాబుకి వెనక్కి వెళ్ళింది. ల్యాబ్ బాబాయ్ ఒక్కడే ఉన్నాడు. అటెండరు అని హాజరుపట్టీలో ఉంటుంది గానీ, ముప్పై ఒక్క ఏళ్ళుగా కాలేజీ మొత్తానికీ ఆయన బాబాయే. ఆమ్లాల పొగలు పీల్చి పీల్చి ఆయన ఊపిరితిత్తులు ఎప్పుడో దెబ్బతిన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా తలుపు కిర్రుమన్నట్టు చిన్న చప్పుడు. ఆయన సింకు దగ్గర నిలబడి గాజు సామాను కడుగుతూ దానితో మాట్లాడుతున్నాడు.

"నీకేం పోయేకాలంరా, పొద్దున్నే అంచు పగలగొట్టుకున్నావు? పో, వెనకవరసలో నిలబడు. నువ్వు రావే బంగారం, నీళ్ళు చల్లగా ఉన్నాయని మారాం చెయ్యకు. అదిగో, అయిపోయింది. ఇక పడుకో."

రేడియో తలుపు చాటు నుంచి పంతొమ్మిది సెకన్లు తీసింది. నవ్వొచ్చే సంగీతమొకటి తగిలించింది. 'మా కాలేజీలో చెప్పిన మాట వినే విద్యార్థులు' అని రాసి పెట్టేసింది.

మర్నాడు బాబాయ్ ల్యాబులోకి వస్తూనే అందరికీ చెప్పాడు. "మా గుమ్మంలో పదకొండు జతలు! మీ పిన్ని నిజంగా చుట్టాలొచ్చారనుకుని టీ పెట్టేసింది. గంటసేపు కూర్చుని, ఒక్కరూ లోపలికి రారేమండీ అంటుంది."

"మరి ఆ టీ ఏం చేశారు బాబాయ్?" అంది రేడియో.

"ఏం చేస్తాం? ఇద్దరం తాగాం. ఇంకా కడుపులో గుడగుడలాడుతోంది."

ఆ పిల్లకి ముందు కలిగింది అసూయ. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. చాటుగా నిలబడి తీసింది తను, సంగీతం పెట్టింది తను, చెప్పులు మాత్రం ఆయన వాకిట్లో.

గురువారానికి నాలుగు వందలు. శుక్రవారానికి లెక్క తప్పింది. బాబాయ్ ఇల్లు ఒక సందు చివర. రెండు గోడల మధ్య ఎదురుగా సైకిలొస్తే ఒకరు పక్కకి ఒత్తిగిలాల్సినంత సందు. అది మోకాళ్ళ లోతు చెప్పులతో నిండిపోయింది. బూట్లు, హవాయీలు, ఆసుపత్రి చెప్పులు, నడిస్తే కీచుమనే పసిపిల్లల బూట్లు. ముసురుకి నీళ్ళు నిండి వాటిలో దోమలు. వీడియో కింద జనం రాసినవి పిన్నికి ఎవరో చదివి వినిపించారు. పిచ్చాడన్నారు, పిల్లల్లేనివాడై ఉంటాడు అందుకే సీసాలకి లాలపోస్తున్నాడన్నారు. పిల్లల్లేని మాట నిజమే. ఆ మాట విన్నాక పిన్ని ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

రేడియో శుక్రవారం సాయంత్రమే వీడియో తీసేసింది. కానీ అప్పటికే దాన్ని వందమంది తమ తమ ఫోనుల్లో దాచుకుని, తిప్పి తిప్పి పంచుతున్నారు. ప్రిన్సిపాల్ పిలిచి, వచ్చే వారం నీ సంగతి తేలుస్తానన్నాడు. తోటిపిల్లలు పక్కన కూర్చోవడం మానేశారు. ఆదివారం ఆ పిల్ల చెప్పుల మీద పడుతూ లేస్తూ బాబాయ్ గుమ్మం చేరింది.

"నేనే బాబాయ్, తీసింది."

"తెలుసమ్మా. ల్యాబులో గొడుగు ఆ రోజు నీదొక్కటేగా మిగిలింది." ఆయన గుమ్మంలోనే పీట వేసుకుని కూర్చున్నాడు. ఊపిరి చప్పుడు పెరిగింది. "చూశావా, నిన్న ఇక్కడిదాకా ఉన్నాయి. ఇవాళ రెండు మెట్లు కనిపిస్తున్నాయి. ఎవడో గోడ మీద మేకని నడిపించాడట. జనం అటు పోతున్నారు. ఇంకో మూడు రోజులాగితే దారి పడుతుంది."

"నేనేమైనా చేస్తాను బాబాయ్. చెప్పండి."

"ఏమీ చెయ్యకు. అదే చెయ్యాల్సింది. నోరు మూసుకుని కూర్చో, నీకు కష్టమే అనుకో," అని నవ్వబోయి దగ్గాడు.

లోపలి నుంచి పిన్ని అంది: "దాన్ని పొమ్మనండి. మాట్లాడితే మీకు ఆయాసం."

ఏమీ చెయ్యకుండా ఉండటం ఆ పిల్ల ఎరగదు. ఇంటికొచ్చి కూర్చుంది. తప్పు అందరి ముందూ చేశాను, దిద్దుకోవడం కూడా అందరి ముందే జరగాలి కదా అనుకుంది. వినడానికి ఎంత సబబుగా ఉంది! నా వయసులో నాకే తప్పు కనిపించడానికి కాసేపు పట్టింది, పంతొమ్మిదేళ్ళ పిల్ల ఏం చూస్తుంది? వాళ్ళమ్మ మాత్రం మిషను ఆపి, "ఏమే, ఆయన వద్దన్నాడుగా?" అంది.

"ఆయన మంచితనం కొద్దీ అన్నాడమ్మా."

"పోనీ, ఆ మంచితనాన్నే విను."

వినలేదు. సోమవారం ఉదయం కెమెరా ముందు కూర్చుని ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు. బాబాయ్ ఎవరో చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పింది, ఊపిరితిత్తుల సంగతి చెప్పింది, ఆయన గాజుని ఎంత ప్రేమగా చూస్తాడో చెప్పింది. ఆయన గురించి ఒక మంచి మాట రాయండి, ఆయన్ని మరిచిపోకండి అని చేతులు జోడించింది.

జనం కరిగిపోయారు. మేకని వదిలేసి వెనక్కొచ్చారు. వెక్కిరించినవాళ్ళు క్షమాపణలు రాశారు, కొత్తవాళ్ళు దండాలు పెట్టారు. తండ్రిలాంటివాడన్నారు, దేవుడన్నారు. మంగళవారం పొద్దుటికి సందులో చెప్పులు కిటికీల ఎత్తుకి లేచాయి. వెక్కిరించడానికి వచ్చినవాడి చెప్పూ, కన్నీళ్ళతో వచ్చినవాడి చెప్పూ ఒకే చోటు ఆక్రమిస్తాయని ఆ పిల్ల అప్పుడు చూసింది.

మధ్యాహ్నం మూడింటికి బాబాయ్‌కి ఊపిరందలేదు. అంబులెన్సు సందు మొదట్లో ఆగిపోయింది. స్ట్రెచరు పట్టుకున్న ఇద్దరు నాలుగడుగులు వేసి జారిపడ్డారు. కాలేజీ పిల్లలు పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు రేడియో. చేతులతో తోడి గోడ అవతలికి విసురుతోంది. విసిరిన జత విసిరినట్టే వచ్చి మళ్ళీ కూర్చుంటోంది.

"మర్చిపొండి! మర్చిపొండి!" అని అరుస్తోంది. ఎవర్ని ఉద్దేశించి అరుస్తోందో అక్కడున్నవాళ్ళకి అర్థమైంది గానీ, అరుపు చేరవలసినవాళ్ళు అక్కడ లేరు.

చివరికి పక్కింటి పిట్టగోడ మీదుగా దుప్పట్లో వేసి దింపారు. నలభై నిమిషాలు పట్టింది. ఆసుపత్రి ఐదు నిమిషాల దూరం. ఆయన దారిలోనే పోయాడు.

పోయిన కబురు తెలిసి జనం ఇంకా ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. చెప్పులు ఇంటి కప్పు తాకాయి. పిన్నికి తన ఇంట్లోకి వెళ్ళే దారి లేకపోయింది. సందు మొదట్లో ఇస్త్రీ చేసేవాళ్ళ అరుగు మీద కూర్చుని, లోకం తన మొగుణ్ణి ఎప్పుడు మరిచిపోతుందా అని తొమ్మిది రోజులు ఎదురుచూసింది. పదో రోజు ఎక్కడో ఇంకేదో జరిగింది. సాయంత్రానికి సందు ఖాళీ. ఆవిడ లేచి, చీర దులుపుకుని, ఇంట్లోకి వెళ్ళి, పగిలిపోతున్నట్టు ఏడ్చింది.

గుమ్మంలో ఒక్క జత మిగిలింది. నీలం పట్టీల చెప్పులు, ఎడమదానికి కుట్టు వేసి ఉంది.

నెల తిరిగాక రేడియో వచ్చింది. ఆ జతని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. దాని కాళ్ళకీ అవే ఉన్నాయి.

"పిన్నీ, ఇవి నావి. తీసేయాలని ఉంది గానీ నా చేతుల్లో లేదు. కళ్ళు మూసుకున్నా బాబాయే..."

"తీయకు."

"పిన్నీ?"

"కూర్చో. క్షమించానని చెప్పించుకోవడానికి వచ్చి ఉంటావు. అది నా దగ్గర లేదు. ఉన్నదేదో చెబుతాను విను. మా మరిది ఉన్నాడు, టైర్ల కొట్టు. ఒక్కదానివి, ఇంత ఇల్లెందుకు వదినా, సంతకం పెట్టెయ్ అని మూడుసార్లు కాగితాలు పట్టుకొచ్చాడు. మొదటిసారి చెయ్యి కూడా పట్టుకుని గుంజాడు. గుంజుతూ గుంజుతూ గుమ్మంలో ఇవి చూశాడు. ఎవరివి అన్నాడు. చూస్తున్నవాళ్ళవి అన్నాను. కాలితో తన్ని కాలవలో పడేశాడు. తిరిగి చూస్తే మళ్ళీ ఇక్కడే. చెయ్యి వదిలేశాడు. ఇంకోసారి వస్తాలే వదినా అన్నాడు. ఆ తరవాత రెండుసార్లూ గుమ్మం దాకా వచ్చి, వీటిని చూసి, మంచినీళ్ళు తాగి పోయాడు."

రేడియో గుమ్మంలోనే, ఆ జత పక్కన కూర్చుంది.

"నాకు అరవై రెండు. మా అమ్మ తొంభై దాకా బతికింది. గుర్తుపెట్టుకోగలవా?" అంది పిన్ని.

ఆ పిల్ల పరీక్షలు రాసింది, పై చదువుకి దూరం పోయింది. తన వీడియోలన్నీ తీసేసింది. ఒక్క పంతొమ్మిది సెకన్లు మాత్రం సంగీతం లేకుండా ఫోనులో ఉంచుకుని, రోజూ పొద్దున్నే ఒకసారి చూసుకునేది. పెళ్ళినాడూ మానలేదు, బిడ్డ పుట్టిన రోజూ మానలేదు. మరపు దానంతటది వచ్చే వయసు వచ్చింది గానీ, రానిచ్చే వీలు లేకపోయింది.

పిన్ని ఎనభై తొమ్మిదో ఏట తన మంచం మీదే, తన ఇంట్లోనే పోయింది. మరిది అప్పటికి లేడు. ఆయన పిల్లలకి సైకిలూ గోడగడియారమూ వచ్చాయి. పిన్ని రాసిన కాగితం ప్రకారం ఇల్లు ఇస్త్రీవాళ్ళ మనవరాలికి చెందింది. కాలేజీకి బాబాయ్ తాళాలగుత్తి ఎప్పుడో చేరింది. రేడియోకి ఏమీ రాలేదు. కబురు అందిన రోజు, ఇక చూడక్కర్లేదని తెలిసి కూడా, ఫోను తీసి చూసింది.