ఎల్వా చదివిన ఆకాశం

మీరేం పని చేస్తారని ఎవరైనా అడిగితే ఎల్వా "ఆకాశం చదువుతాం" అనేది. నేనేమో "గీతలు కొలుస్తాం" అనేదాన్ని. ఇద్దరం చెప్పిందీ నిజమే. 1967లో సిడ్నీలో ఒక పాత భవనం మూడో అంతస్తులో మా గది. ఊరికి చాలా దూరంగా, గొర్రెలు మేసే లోయలో మైలు పొడవున పరిచిన టెలిస్కోపు ఉండేది. కంటికి ఆనని గెలాక్సీల నుంచి, క్వేజార్లనే దూరపు కాంతిపుంజాల నుంచి వచ్చే రేడియో అలల్ని అది కాగితం మీద సిరాగీతగా గీసేది. గురువారం రైలుకి ఆ కాగితపు చుట్టలు మా దగ్గరికొచ్చేవి. ఇప్పుడు ఆ పనంతా యంత్రాలు క్షణంలో చేసేస్తాయట. చేసుకోనీ. చుట్ట విప్పగానే గుప్పుమనే సిరా వాసన వాటికేం తెలుసు?

గీతలో ఎక్కడైనా ముల్లులాంటి మొన లేస్తే, ఆకాశంలో అక్కడేదో ఉన్నట్టు. చోటూ ఎత్తూ కొలిచి జాబితాలో రాయాలి. ఒకే చుట్టను ఇద్దరు విడివిడిగా చదవాలి, ఒకరి జాబితా మరొకరు చూడకూడదు. ఇద్దరికీ కనిపించినవే పట్టికలోకి ఎక్కేవి. ఒక్కరికే కనిపిస్తే కొట్టివేతే. నాలుగేళ్ళు ఎల్వా, నేను ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని, కొబ్బరి పొడి అద్దిన కేకు ముక్కలు తింటూ, లోకంలోని కబుర్లన్నీ చెప్పుకున్నాం. ఆ మొనల మాట ఒక్కటే ఎత్తేవాళ్ళం కాదు. అంత బాగున్న రోజులు నాకు మళ్ళీ రాలేదు.

ఎల్వా నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. భర్త పోయాక ఈ పనిలో చేరింది. నాలుగో ఏడు చలికాలం ఒకరోజు ఆమె టీ కప్పులో కాకుండా సాసర్లో పోసింది.

"ఏంటి ఎల్వా, పిల్లికా?" అన్నాను. ఆమె నవ్వలేదు.

"కళ్ళు మసకేస్తున్నాయే నోరీన్. శుక్లాలంట. మన డాక్టర్ ట్రెలోర్‌కి చెప్పకే. ఈ గది లేకపోతే నేను ఇంట్లో గోడలతో మాట్లాడుకోవాలి."

ట్రెలోర్ మా పై అధికారి. నేనేం చెప్పలేదు. మర్నాడు మూడున్నర టీకి లేస్తూ నా జాబితాను బల్ల మీద తెరిచి వదిలేశాను. తిరిగొచ్చేసరికి ఆ కాగితం అంగుళం పక్కకి జరిగి ఉంది. ఆరు వారాలు అలాగే సాగింది. దాని గురించి కూడా మేం మాట్లాడుకోలేదు.

ఎంత తెలివితక్కువ పని! మామూలు దొంగలు లెక్కలో తేడా వచ్చి పట్టుబడతారు. మేం తేడా రాక పట్టుబడ్డాం. ఇద్దరు మనుషులు కొలిస్తే వెంట్రుకవాసైనా తేడా రాకుండా ఉంటుందా? ఒకరోజు ట్రెలోర్ మా జాబితాలు రెండూ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నాలుగేళ్ళుగా మీ ఇద్దరి కొలతలూ కాస్త అటూ ఇటూగా ఉండేవి. ఆరు వారాల్నుంచి కవలపిల్లలైపోయారేంటి?"

ఎల్వా లేచి నిలబడింది.

"నేనే దొంగచాటుగా చూసి రాశాను నాయనా. ఈ పిల్లకేం తెలీదు. నా కళ్ళు పోయాయి."

తన కప్పూ, అల్లిక సూదులూ సంచిలో వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

ఆ ఆరు వారాల చుట్టలూ మళ్ళీ చదవమని, ఎల్వా జాబితాలు పారేయమని ట్రెలోర్ చెప్పాడు. పారేసేముందు మనసొప్పక వాటిని నా జాబితాలతో పోల్చి చూశాను. అన్నీ నావే, ఒక్క వరుస తప్ప. చుట్ట విప్పి ఆ చోటు వెతికాను. గీతలో సన్నటి వణుకు తప్ప ఏమీ లేదు. పాపం పొరబడిందనుకుని, కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాను. అప్పుడు కనిపించింది. మసక చూపులో ఆ వణుకంతా కరిగిపోయి, దుప్పటి కింద ఎవరో పడుకున్నట్టు వెడల్పాటి ఉబ్బు పైకి తేలింది. మొనల కోసం వెతికే నా మంచి కళ్ళు దాన్ని దాటిపోయాయి. ఎల్వా పాడు కళ్ళు పట్టుకున్నాయి.

చుట్ట పట్టుకుని ట్రెలోర్ దగ్గరికి పరిగెత్తి, కళ్ళజోడు తీసి చూడమన్నాను.

"కాపీ కొట్టిన జాబితాలోది నేనెలా నమ్మను?" అన్నాడు.

"కాపీ అయితే నా జాబితాలో ఉండాలిగా డాక్టర్‌గారూ? ఆవిడ దొంగతనం చెయ్యలేదు. రోజూ నేనే తెరిచిపెట్టాను. మిగతావన్నీ నేనిచ్చినవి. ఇదొక్కటి ఆవిడ సొంతం."

ఆయన తన కళ్ళజోడు తీసి చుట్ట మీదికి వంగాడు. ఆ ఉబ్బు ఒక గెలాక్సీయేనని తేల్చి పట్టికలోకి ఎక్కించాడు. నన్ను నెలాఖరుకి వెళ్ళిపొమ్మన్నాడు.

ఆదివారం ఎల్వా ఇంటికెళ్ళి అంతా చెప్పాను.

"పిచ్చిమొహమా, నేనొక్కదాన్ని పోతే సరిపోయేదిగా!" అని తిట్టింది. తిట్టీ తిట్టీ అలిసిపోయి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అది సరే గానీ, నీకెంత వెడల్పు కనిపించిందే?"

నా చేతులు ఎడంగా పెట్టి చూపించాను. సరిగా కనపడదని గుర్తొచ్చి, ఆమె చేతులు పట్టుకుని అంత దూరంలో ఉంచాను. ఎల్వా తల అడ్డంగా ఊపి, తన చేతుల్ని ఇంకాస్త దూరం జరిపింది.

"కాదే. ఇంత."