కోసివా ఎక్కనన్న బండి

మధ్యాహ్నం మొక్కజొన్న పిండి కలియబెడుతున్న కోసివా చేతిలోని పెద్ద గరిటె వదిలేసి, గజ్జ పట్టుకుని నేలమీద కూలబడింది. ముప్పయ్యేళ్ళుగా ఉప్పునీటి మడుగు ఒడ్డున ఆ ఊళ్ళో కెంకీ ముద్దలు వండి అమ్ముతున్న మనిషి. పిండి అడుగంటుతున్నా లేవలేదంటే అది మామూలు నొప్పి కాదని కూతురు సెఫకోకి అర్థమైంది. పాపం, కుట్టుమిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

గజ్జలో నిమ్మకాయంత గడ్డ. ముట్టుకోనివ్వడం లేదు. రెండుసార్లు వాంతి కూడా అయింది.

సెఫకో అంబులెన్సుకి ఫోన్ చేసింది.

"బయల్దేరుతోందమ్మా" అన్నాడు అవతలి మనిషి.

అరగంటకి మళ్ళీ చేసింది. "డీజిల్ పోయిస్తున్నారమ్మా."

గంటకి మళ్ళీ చేసింది. "డ్రైవర్ భోంచేస్తున్నాడు. రోగి మాట్లాడగలదా? ఒకసారి ఇవ్వండి."

కోసివా ఫోన్ లాక్కుంది. "ఏం తింటున్నాడ్రా మీ డ్రైవరు, మొత్తం ఆవునా? నా కడుపులో ఎవడో తాడు మెలేస్తున్నాడు, వాడు చేప ముళ్ళు ఏరుకుంటున్నాడా? మీ అమ్మ నిన్ను కని ఏం బావుకుంది?"

సెఫకో ఫోన్ వెనక్కి లాక్కుంది. అవతలి మనిషి నెమ్మదిగా, "ఇంత గట్టిగా మాట్లాడుతోందంటే మరీ అంత అర్జెంటు కాదులెండి. ఇంకో ఊళ్ళో ఒకాయన అసలు మాట్లాడటమే లేదు. ముందు అక్కడికి పంపిస్తాం" అని పెట్టేశాడు.

"అమ్మా, మూలగమంటే తిడతావేంటే!" సెఫకో తల బాదుకుంది.

"మూలగడం నాకు రాదు."

వీధికి అటువైపు ఓ వ్యాను నిలబడి ఉంది. దాని నెత్తిన రెండు మైకులు, పక్కన ఎర్రరంగుతో 'సింహబలం టానిక్' అని రాసి ఉంది. దాని యజమాని సెన్యోకీ కోసివాకీ రెండేళ్ళుగా మాటల్లేవు. ఎవరిదో దినానికి ఊరంతా చేరినప్పుడు, "సెన్యో టానిక్ పోస్తే కలుపు మొక్క కూడా చావదు" అందావిడ. "ఆవిడ కెంకీ తింటే పన్ను మిగలదు" అన్నాడాయన. అంతే. ఆ తర్వాత ఎదురుపడితే ఈవిడ ఇటు ఉమ్మేది, ఆయన అటు ఉమ్మేవాడు.

"సెన్యో అన్నని పిలుస్తా" అంది సెఫకో.

"చచ్చినా వాడి బండెక్కను."

"ఎక్కకపోతేనే చస్తావమ్మా!"

"అంబులెన్సు వస్తుందిలే."

సెఫకో ఆరోగ్య బీమా కార్డు కోసం మంచం కింద పెట్టె లాగింది. కార్డు దొరికింది. దాని వెనకాల పాతగుడ్డలో చుట్టిన ఖాళీ సీసాలు కూడా దొరికాయి. ఏడు. ప్రతిదాని మీదా నోరు తెరిచిన సింహం.

తల్లీకూతుళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"పక్కూరి సంతలో కొన్నా," అంది కోసివా గోడకేసి చూస్తూ. "ముఖానికి గుడ్డ కప్పుకునే కొన్నాలే. గడ్డ కరిగిపోతుందని మైకులో చెప్పాడు కదా."

అంత భయంలోనూ సెఫకోకి నవ్వాగలేదు. రెండు సీసాలు చేతుల్లోకి తీసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "బండెక్కుతావా, వీటిని తీసుకెళ్ళి ఆయన వాకిట్లో వరసగా పేర్చమంటావా?"

కోసివా బండెక్కింది.

సెన్యో మంచివాడే. ఒక్క మాట అడగలేదు, టానిక్ పెట్టెలు దించి చాప పరిచాడు. కాకపోతే ఆ బండిలో ఓ చిక్కుంది. ఇంజనుకీ మైకుకీ ఒకటే తీగ. ఇంజను కదిలిందో లేదో, "నడుం నొప్పా? మొలలా? హెర్నియా గడ్డా? సింహబలం ఉండగా మీకు ఆసుపత్రెందుకు?" అని ఊరదిరిపోయేలా మొదలైంది.

"దాని పీక నొక్కు!" అరిచింది కోసివా.

"నొక్కితే బండాగిపోద్ది డావీ," అన్నాడు సెన్యో. డావీ అంటే అక్క. ఆ పిలుపు ఆయన నోట వచ్చి రెండేళ్ళయింది.

ఆ రోజు సంత. మైకు వినగానే జనం బండిని చుట్టుముట్టారు. "రెండు సీసాలు!" "నాకు మూడు!" సెన్యో హారన్ కొట్టినకొద్దీ ఇంకా చేరారు. సెఫకో వెనక్కి చూసింది. తల్లి పెదాలు తెల్లబడ్డాయి, చెయ్యి చల్లగా ఉంది.

కోసివా చెయ్యి చాచి, సెన్యో సీటు వెనక తగిలించిన చేతి మైకు అందుకుంది.

"దారివ్వండి! నేను కెంకీ కోసివాని. తెల్లారకముందే పొయ్యి వెలిగించేదాన్ని. చీకట్లో ఎవడు ఎవరి పెరటి గుమ్మంలోంచి చెప్పులు చేత పట్టుకుని వస్తాడో అంతా చూస్తా. పది లెక్కపెడతా. ఆ తర్వాత పేర్లు చదువుతా. ఒకటి!"

మూడు దాకా కూడా పోలేదు, రోడ్డు ఖాళీ. అందరికంటే ముందు పారిపోయింది చర్చి పాటల బృందం పెద్ద.

ఊరు దాటాక ఎదురుగా సైరన్ మోగించుకుంటూ అంబులెన్సు వచ్చింది. "ఆగండి! ఆ రోగిని నేనే!" అని కోసివా మైకులో అరిచింది. ఇదేదో కొత్తరకం ప్రకటన అనుకున్నారేమో, లోపలివాళ్ళు నవ్వుతూ చెయ్యూపి దూసుకుపోయారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గడ్డను చూసి క్షణం ఆలస్యం చెయ్యలేదు. హెర్నియా, పేగు మెలికపడింది, వెంటనే కోయాలంది. "మందులేమైనా వాడిందా?"

సెఫకో సెన్యో వైపు తిరిగింది. "అన్నా, బండి తలుపు వేశావో లేదో చూసిరావూ?" ఆయన అటు వెళ్ళగానే చెవిలో చెప్పింది. కానీ డాక్టరమ్మది గుసగుసలాడే గొంతు కాదు. "ఏడు సీసాలు సింహబలమా!" అన్న కేక వరండా దాటి బండి దాకా వినిపించింది.

సెన్యో తిరిగొచ్చి గోడ పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఊళ్ళో తన పరువు తీసిన మనిషే రహస్యంగా తన మందు తాగిందని పొంగిపోవాలో, తాగినా గడ్డ కరగనందుకు కుంగిపోవాలో తెలియని ముఖం పెట్టాడు. చివరికి, "నేనెప్పుడూ మంచి ఉద్దేశంతోనే కాచాను సెఫకో," అన్నాడు.

"తెలుసన్నా."

ఆపరేషన్ జరుగుతుండగా ఆసుపత్రి వాకిట్లోకి అంబులెన్సు వచ్చి ఆగింది. అందులోంచి వాళ్ళ పక్కింటి ముసలాయన కొజో పెద్దమనిషిలా దిగాడు. ఇంట్లో రోగి లేకపోయేసరికి ఖాళీగా వెళ్తే పైవాళ్ళకి ఏం చెప్పాలని అంబులెన్సువాళ్ళు బెంగపడ్డారట. తనకు మోకాలు నొప్పుందని, పైగా చెల్లెలి ఇల్లు ఆసుపత్రి వెనకేనని కొజో తాత వాళ్ళని ఆదుకున్నాడు.

"పడక మెత్తగా ఉందమ్మా," అన్నాడు సెఫకోతో. "మీ అమ్మ ఎక్కాల్సింది."

సాయంత్రానికి కోసివా కళ్ళు తెరిచింది. ముందు పిండి మాడిందా అని అడిగింది, తర్వాత నర్సు దుప్పటి సరిగ్గా పరవలేదంది. అప్పుడు సెఫకో తలుపవతలికి వెళ్ళి కరువుదీరా ఏడ్చింది.

పదో రోజుకి కోసివా ఇంటికొచ్చింది. బరువులెత్తకూడదన్నారు కాబట్టి గరిటె సెఫకోదైంది, ముక్కాలిపీటా నోరూ ఆవిడవి. సెన్యో హెర్నియా మాట తీసేసి మైకులోకి కొత్తగా చదివాడు. మొలల సంగతి కూడా తేల్చమని ఆవిడ, అది మాత్రం నిజంగా పనిచేస్తుందని ఆయన, రోజూ వీధికి అటూ ఇటూ నిలబడి కేకలు. ఈ మధ్య ఆయన పొద్దున్నే వచ్చి, కెంకీలో రాయి తగిలిందని చూపిస్తూనే రెండోది అడుగుతున్నాడు.

"వీళ్ళిద్దరికీ మాటల్లేనప్పుడే నయం," అన్నాడు కొజో తాత. "మధ్యాహ్నం కునుకైనా పట్టేది."