వారములబాలిక

తుషారశీకరపరిషిక్తసైకతములపై బాలభానుకిరణములు ప్రసరింపకమునుపే పడుగులు సాఁచు నేఁతకాండ్ర పలుకులును రేవునకుఁ బోవు పడఁతుల కడియముల సవ్వడియు నొక్కటియై వినవచ్చు హేమంతప్రభాతములయందు, గౌతమీతీరమందలి యొక సాలెవాడలో నైదేండ్ల బాలిక యొకతె బట్టలమూటఁ జంకనిడుకొని యొకయింటి వాకిలి వెడలి వేఱొకయింటి వాకిలి సొచ్చుచుండుట యందఱకు ననుదినదృశ్యమై యుండెను. దాని పేరు నాంచారి.

గతవత్సరమున మహామారి తల్లిదండ్రుల నిరువురను గబళింపఁగా, కులపెద్ద భావనారాయణయ్య యేడిండ్లవారిని సమావేశపఱచి, పేదవిద్యార్థులు వారములు చేసికొని భుజించు నాచారము ననుసరించి, దినమున కొకయింట నా యనాథ యుండునట్లు కట్టడి చేసెను. భార మెవ్వరికి నధికము గాదు, పుణ్య మెవ్వరికిఁ గొఱవడదు. ఇంత చక్కని యేర్పా టెందును లేదని పెద్దలు పొరుగూళ్లఁ జెప్పికొని మురిసిరి.

ఒక సోమవారమున గవరమ్మ యింటఁ బిల్లకు జ్వరము తగిలెను. మఱునాఁడు వేకువనే యది యలవాటుచొప్పున మూటఁ గొని వెడలిపోయెను. మంగళవారపుటింటికిఁ జేరియుండునని గవరమ్మ తలంచెను. జ్వరవార్త వినియున్న యా యింటి యిల్లాలు సుబ్బాంబ, పిల్లను గవరమ్మయే నిలుపుకొనెనని తలంచెను. సాయంకాల మిరువురును రేవుకడఁ గలిసికొనిరి.

"పిల్లకు జ్వరము తగ్గినదా వదినా?" అని సుబ్బాంబ యడిగెను.

"అదేమి మాట? తెల్లవాఱకమునుపే మీయింటికి వచ్చినది కదా" యనుచుండఁగనే గవరమ్మ చేతికుండ జాఱి రాతిపైఁ బగిలెను.

వాడయెల్ల దిగ్భ్రాంతిఁ జెందెను. కొందఱు నదివంకఁ బరుగిడిరి. పిల్ల కట్టిన పరికిణి రంగేదియని భావనారాయణయ్య యడుగఁగా నేడిండ్లవారిలో నొక్కరును జెప్పఁజాలరైరి. నూలుపోగు ఛాయ యిసుమంత మాఱినను దవ్వులనుండియే కనిపట్టు వారి కన్నులు బిడ్డను మాత్రము చూచియుండలేదు.

తుదకుఁ దలుపు లూడి పాడువడిన తండ్రియింట, నేఁతగాఁడు కాళ్లు దింపికొని కూర్చుండు మగ్గపుగుంటలో, మూటపైఁ దలనిడి మూలుగుచు నాంచారి కానవచ్చెను. దీపపు వెలుఁగునకుఁ గన్నులు విప్పి, తనపై వంగిన మొగముల నెల్లఁ గలయఁజూచి, "ఇప్పు డెవరి వారము?" అని యడిగెను.

ఉమ్మడిగొడ్డు పుచ్చి చచ్చునను సామెత నిత్యము వల్లించువారే యందఱును. భావనారాయణయ్య నేలపైఁ గూలఁబడి, "భారమును బంచితి ననుకొంటిని. బిడ్డనే పంచితిని" అని విలపించెను.

ఆ రేయియే కట్టడి మాఱెను. నాంచారి గవరమ్మ యింటనే యుండును. బియ్యమును బాలును మందును దక్కిన యిండ్లవారు సమకూర్తురు. సుబ్బాంబ ప్రతిదినము వచ్చి చూచి పోవును.

జ్వరము విడిచినను బెక్కునాళ్లు వేకువనే యా బాలిక మూటతో వాకిట నిలుచుచుండెను.

"నేఁ డెవరి వారము?"

"మన వారమే తల్లీ" యని గవరమ్మ విసువక బదులు చెప్పుచుండెను.

ఒకనాఁ డెండ ముంగిట నిండినను వాకిటఁ బిల్ల కానరాదయ్యె. గవరమ్మ లోనికిఁ బరుగిడి, దాని ముక్కుకడ వ్రేలుంచి చూచెను. నాంచారి యా చేతిని విసుగుతోఁ ద్రోసివైచి, యటు తిరిగి మరల నిద్రపోయెను.