అలిగే బిళ్ళ

తీగల కొసలు రెండూ కలిపి పట్టుకుని, పోలయ్య రెండో చేతి వేలు బిళ్ళ మీద ఆనించాడు. చొక్కా గుండీ అంత పసుప్పచ్చ బిళ్ళ, దానికి రెండు తీగ కాళ్ళు. ఆనించీ ఆనించగానే చుర్రుమంది. బల్ల మీది చిన్న దీపం వెలగనని మొండికేసింది, బ్యాటరీ మాత్రం భద్రంగా ఉంది. వేలు తీసి చెవి తమ్మె పట్టుకుని చల్లార్చుకున్నాడు.

"అలిగిందే అమ్మడూ! బాగా అలిగింది!"

భిలాయి రుఆబాంధాలో అల్లుడి క్వార్టరు వరండాయే ఆయన కార్ఖానా. పాత కుట్టుమిషను బల్ల, స్కూటరు బ్యాటరీ, సోల్డరింగు కడ్డీ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. కళ్ళజోడు ఒక కాడకి దారం, కుడి బొటనవేలికి గోరు సగమే. ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ హెల్పరుగా చేరి, ముప్ఫై ఎనిమిదేళ్ళు చేసి, ఎవరిచేతా మాట పడకుండా దిగిపోయాడు. రిటైరయిన నాటి గ్రూపు ఫోటోలో కూడా ఆయనది సగం మొహమే పడింది. అదే గొప్పనుకున్నాడు.

డిప్లొమా చదువుతున్న మనవరాలు పద్మశ్రీ గుమ్మంలో జడ వేసుకుంటోంది. "తాతా, సీదా ఫ్యూజే పెట్టేయొచ్చు కదా. ఒక బత్తీకి ఇంత సోచ్‌నా ఎందుకు?"

"ఫ్యూజెడితే ఆ పిల్ల మళ్ళీ రేకు సుట్టేత్తాది. ఈ బిళ్ళయితే ఏడెక్కగానే అలిగి కరెంటాపేత్తాది, సల్లారితే తనే దారొదులుతాది."

ఆ పిల్లంటే రోహిణి. సెక్టర్ 6 బజార్లో గుప్‌చుప్ బండి, అంటే మన పానీపూరీ. ఆ బండి దీపం పన్నెండు వోల్టుల బ్యాటరీది. గుప్‌చుప్ అంటే చింతపండు నీళ్ళే కదా, ఆ నీళ్ళు కారి కారి తీగ తొడుగు పాడై షార్టయింది, గాజు ఫ్యూజు పోయింది. ఎదురుగా ఇరవై మంది దొప్పలు పట్టుకుని నిలబడితే ఏం చేస్తుంది పాపం! చాక్లెట్టు రేకు చుట్టి అదే ఫ్యూజు మళ్ళీ దూర్చింది. దీపం వెలిగింది. పది నిమిషాలకి తీగ ఎర్రగా కాలి మణికట్టు మీద గాజులా అచ్చు పడింది. అప్పట్నించీ దీపం ముట్టుకోవడానికి భయం. జనం అప్పుడే వచ్చే వేళకి, పొద్దు వాలగానే, బండి కట్టేస్తోంది. ఇంకో వారం ఇలాగే సాగితే పక్కవాడు ఆ చోటు ఆక్రమించేస్తాడు.

నిజానికి ఫ్యూజు వద్దనడానికి పోలయ్యకి ప్రాణం ఒప్పలేదు. ఎందుకంటే ఆ ప్రాణం ఉన్నదే ఫ్యూజు వల్ల. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, మరమ్మతుల షట్‌డౌన్‌లో గాలిగొట్టం లోపల పాక్కుంటూ మసి తుడుస్తున్నాడు. చేతిలో ఇరవై నాలుగు వోల్టుల దీపం, చుట్టూ నూనె గుడ్డలు. ఇనుప అంచుకి కేబులు కోసుకుంది. ఠప్పుమని చీకటి, అంతే. పాక్కుంటూ బయటికొచ్చి చూస్తే ఫ్యూజులో ఒక్కటంటే ఒక్కటే పోగు ఉండి కాలింది. మాటిమాటికీ పోతోందని అందరూ మూడేసి పోగులు మెలేసే రోజులవి. మూడుంటే పోగు మిగిలేది, పోలయ్య మిగిలేవాడు కాదు. ఆ ఒక్క పోగు వేసిందెవరని మూడు షిఫ్టుల వాళ్ళనీ అడిగాడు. నేనంటే నేనని ఒక్కడూ అనలేదు. పేరు తెలియని మనిషికి దండమెలా పెడతాం? అందుకే ఆ తర్వాత తాను వేసిన ప్రతి ఫ్యూజూ ఒంటి పోగుతోనే వేశాడు.

"మరి నీ ఫ్యూజు దేవుడు కోప్పడడా?" అంది పద్మశ్రీ.

పోలయ్య తీగ కొస నలిపి బిళ్ళ కాలికి చుట్టాడు. "నన్ను కాసింది పోగు కాదే. లోపల ఎవడుంటాడోనని తలిసిన సెయ్యి. ఆ సెయ్యి ఇప్పుడుంటే రోహిణికి బిళ్ళే ఎడతాది." ఆగి నవ్వాడు. "అయినా మీ అమ్మమ్మా ఈ బిళ్ళలాటిదే."

పార్వతమ్మ అలిగిందంటే అలిగిందే. ఈయన నిప్పులు కక్కుతూ ఇంటికొచ్చిన రోజున నోరు కట్టేసుకునేది. ఇల్లు చల్లబడ్డాక తనే వచ్చి "గంజి తాగుతావేటి?" అనేది. ఆవిడ అలగబట్టే ఆ సంసారం తగలబడలేదని ఆవిడ పోయాక తెలిసింది ఆయనకి.

మధ్యాహ్నం రోహిణి వచ్చింది, మణికట్టుకి పసుపు గుడ్డతో. "కాకా, నా బత్తీ అయ్యిందా? అంధేరాలో అమ్మితే గుప్‌చుప్ బదులు పురుగు పోద్ది గిరాకీ నోట్లోకి."

"పోనీలే, మసాలా కలిసొత్తాది. కూకో."

నిన్న పెట్టిన చిన్న బిళ్ళ భిలాయి మే ఎండకి, షార్టేమీ లేకుండానే అలిగి కూర్చుంది. అందుకని ఇవాళ ఒక సైజు పెద్దది. అదీ దీపం దగ్గర కాదు, బ్యాటరీ మొదట్లోనే పెట్టాడు. దొంగ వీధిలోంచి వస్తుంటే తాళం పెరట్లో వేస్తే ఏం లాభం?

"ఆరిపోతే కంగారు పడకు. స్విచ్ ఆపు. తీగ తుడు. నూరు లెక్కెట్టు. మళ్ళీ ఎయ్యి."

"నూరు దాకా నాకు రాదు కాకా, యాభై దాకానే రెండు సార్లు పెడతా."

"నూరంటే అదే."

"ఇచ్చేయరాదూ మరి?"

"ఒక్క గంట. షార్టులో గంటసేపుంచినా తీగ సల్లగుండాల. అప్పుడే నీ సేతికిత్తాను." ఆమె మణికట్టు చూసి తల తిప్పుకున్నాడు. "నీ పున్నేన నాకింకా పనుందే అమ్మా. అదే పదివేలు."

రోహిణి వెళ్ళాక, టీ గ్లాసులోని స్టీలు చెంచా తుడిచి, తీగల తొడుగు ఒలిచిన చోట రెండు కొసల మీదా అడ్డంగా పెట్టాడు. చిటుక్కున ఒక రవ్వ. తీగ మీద చెయ్యి వేసి, కుర్చీకి జారగిలబడ్డాడు. చల్లగానే ఉంది. ఎదురుగా గోడ గడియారం రెండు చూపిస్తోంది. ఎండ మెట్ల దాకా వచ్చి ఆగింది.

పద్మశ్రీ అయిదింటికి వచ్చింది. తాత నిద్రపోతున్నాడనుకుని చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికెళ్ళింది. టీ పెట్టి తెచ్చి పిలిచింది. భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ పిలిచింది. ఆయన చెయ్యి ఇంకా తీగ మీదే ఉంది. గంట అనుకున్న పరీక్ష మూడు గంటలు నడిచింది. తీగ చల్లగానే ఉంది, చెయ్యీ అంతే.

నాలుగో రోజు సాయంత్రం రోహిణి వచ్చి గేటు దగ్గరే నిలబడింది, అడగలేక. పద్మశ్రీయే బ్యాటరీతో సహా దీపం తెచ్చి చేతుల్లో పెట్టింది.

"పరీక్ష అయిపోయింది దీదీ. పాసయింది."

రోహిణి స్విచ్ వేసి చూసుకుంది. ఆ వెలుగు ఇద్దరి మొహాల మీదా పడింది. దీపం కళ్ళకద్దుకుని, కొంగులో చుట్టుకుని, సెక్టర్ 6 వైపు గబగబా నడిచింది. చీకటి పడకముందే చేరాలి మరి.

పద్మశ్రీ బల్ల సర్దింది. చెంచా తీసి కుళాయి కింద పెట్టి పీచుతో తోమింది, మళ్ళీ తోమింది. తీగ కొసలు తగిలిన అంచున ఆవగింజంత నల్ల చుక్కలు రెండు, అలాగే ఉన్నాయి.