మర్చిపోవాల్సిన మాటలు

సోమవారం కాబట్టి, ఊరి ఆనవాయితీ ప్రకారం, ఎర్రచిక్కుడు గింజల కూరే. న్యూ ఆర్లిన్స్‌లో పుట్టి సోమవారం ఇంకోటి వండితే అత్తగారు ఎర్లీన్ ఊరుకోదు. నెడ్రా గింజల్లో రాళ్ళేరుతూ, ఎదురుగా కూర్చున్న మొగుడికి పది మాటలు చదివి వినిపించింది.

"ఇప్పుడు నువ్వు చెప్పు."

డెల్రాయ్ దేశమంతా ఎరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. గాల్లో వచ్చే బంతిని వేళ్ళ కొసలతో అందుకుని పరిగెత్తడం అతని పని. అందుకున్న మరుక్షణం ఎవడో వచ్చి గుద్దుతాడు. తలకి దెబ్బ తగిలితే డాక్టర్లు పది మాటలు చదివి తిరిగి చెప్పమంటారు, సీజన్ మొదట్లో ఎన్ని చెప్పాడో దానితో పోలుస్తారు. అందుకే మొదట్లో కావాలనే తక్కువ చెప్పాలి. తర్వాత తగ్గినా తేడా కనపడదు, మళ్ళీ మైదానంలోకి పంపేస్తారు. ఈ కిటుకు జట్టులో సగం మందికి తెలుసు. ఏ మాటలు మర్చిపోవాలో, ఎక్కడ తడుముకోవాలో పదకొండేళ్ళుగా అతనికి నేర్పుతున్నది మాత్రం నెడ్రాయే. పెళ్ళికి ముందు ఆమె బడిలో లెక్కలు చెప్పేది. "నా కొడుకు ఒళ్ళు హూనం చేసుకుని వస్తే ఇంట్లో చూసేవాళ్ళుండద్దూ" అని ఎర్లీన్ మాన్పించింది. అప్పట్నుంచీ ఆమెకి ఒక్కడే విద్యార్థి. విందుల్లో అతను మరిచిన పేర్లు చెవిలో చెప్పడం కూడా ఆమె పనే. టీవీ వాళ్ళొస్తే "మా ఆవిడ అదృష్టవంతురాలు, కూర్చుని చప్పట్లు కొడితే చాలు" అంటాడు. అందరితో పాటు తనూ నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

"గిన్నె, మేక..." డెల్రాయ్ బల్లమీద వేళ్ళాడించాడు. "గొడుగు. ఆ... నిచ్చెన."

"మిగతావి?"

"నాలుగు చాలవూ? బాగా నటించానా?"

"నటించమని నేనింకా అనలేదు, డెల్. ముందు పదీ చెప్పాలి. ఆ తర్వాతే గదా ఏవి తీసెయ్యాలో చూసేది."

"పొద్దున్నే నస పెట్టకు. పొయ్యి మీద ఏదో మాడుతోంది చూడు."

పొయ్యి ఆమె ఇంకా వెలిగించనే లేదు.

నెడ్రాకి కాలు ఒకచోట నిలవలేదు. కిటికీ దాకా వెళ్ళింది, వచ్చింది, ఏరిన గింజల్నే మళ్ళీ ఏరింది. పోయిన డిసెంబరులో అతను కళ్ళు తేలేసి పడిపోయి, కాసేపటికే తిరిగి ఆటలోకి వస్తే ఊరంతా లేచి నిలబడింది. తనూ నిలబడింది. ఆ రోజు అతన్ని ఆపాల్సిన పరీక్షని వమ్ము చేసింది తన పాఠమే. ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసింది.

ఫోను మోగింది. జట్టు డాక్టరు. ఏటా పరీక్షకి ముందురోజు ఆవిడ ఇంటికి ఫోన్ చేస్తుంది.

"ఇంట్లో ఎలా ఉంటున్నాడమ్మా? మతిమరుపూ అదీ ఏమన్నా ఉందా?"

ఏటా నెడ్రా చెప్పేది ఒకటే, భేషుగ్గా ఉన్నాడని. అదే చెప్పమని డెల్రాయ్ గుమ్మంలోంచి చేత్తో సైగ చేస్తున్నాడు. ఇంకొక్క సీజనే బంగారం, అని నిన్న గడ్డం పట్టుకుని బతిమాలాడు.

ఆమె అతని వైపే చూస్తూ ఫోను చెవికి ఆనించుకుంది.

"రాసుకోండి డాక్టర్. పది మాటల్లో నాలుగే చెప్పాడు. ఈసారి మర్చిపొమ్మని నేను చెప్పలేదు."